364.6 నానోమీటర్ల దగ్గర ఒక మెట్టు

2023 ఫిబ్రవరి చివరి వారంలో మా మేనల్లుడు నాకొక వార్త పంపి, "మామయ్యా, విశ్వం పుట్టుక గురించి మనం చదువుకున్నదంతా తప్పట కదా?" అని అడిగాడు. ఆ వార్తలో ఆరు చిన్న చదరపు చిత్రాలు ఉన్నాయి. ఒక్కొక్క చిత్రంలో నల్లటి నేపథ్యం మీద ఒక ఎర్రటి చుక్క ఉంది. అంచులు కొద్దిగా అలుక్కుపోయిన కుంకుమ బొట్టులా ఉందే తప్ప, గెలాక్సీ అనగానే మనకు గుర్తొచ్చే సుడులు గానీ చేతులు గానీ అందులో లేవు. ఆ రోజు వాడికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ చుక్కలు ఏమిటో ముందు తేలనీ అని మాత్రం అన్నాను. అప్పటి నుంచి వాటి గురించి వచ్చిన పరిశోధనలను దొరికినంత మేరకు చదువుతూ వస్తున్నాను. ఇన్నాళ్ళకు నాకు అర్థమైనది ఇది: ఆ చుక్కల కాంతిని కొలవడంలో ఎవరూ పొరబడలేదు. ఆ కాంతిలో 364.6 నానోమీటర్ల దగ్గర కనిపించే ఒక గుర్తును, మన చుట్టుపక్కల విశ్వంలో దానికి ఏ అర్థం ఉందో అదే అర్థంతో, అంత దూరంలోనూ చదివారు. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది, దాని అందం కూడా అక్కడే ఉంది.

ముందుగా ఆ ఆరు చుక్కల సంగతి చెప్పాలి. సప్తర్షి మండలంలో తోక చివరనున్న మరీచి నక్షత్రానికి కొద్ది దూరంలో, మన కంటికి ఖాళీగా కనిపించే ఒక చిన్న ఆకాశపు ముక్కను జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో ఫొటో తీసింది. ఆ ఫొటోలలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన ఎరికా నెల్సన్‌కు మసకగా ఉన్న ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈవో లబ్బే నాయకత్వంలోని బృందం వాటిని విశ్లేషించి, 2023 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. మహావిస్ఫోటం తరువాత 50 నుంచి 70 కోట్ల సంవత్సరాలకే, అంటే 1380 కోట్ల సంవత్సరాల విశ్వం ఇంకా పసితనంలో ఉండగానే, ఒక్కొక్కటి వెయ్యి కోట్ల సూర్యులకు మించిన బరువున్న ఆరు గెలాక్సీలు ఉండి ఉండవచ్చని ఆ వ్యాసం సారాంశం. వాటిలో ఒకదాని బరువు పది వేల కోట్ల సూర్యులకు సమానమని లెక్క తేలింది. మన పాలపుంతలోని నక్షత్రాలన్నింటి బరువు కూడా అంత ఉండదు. అయినా ఈ చుక్కల అడ్డుకొలత కొన్ని వందల కాంతి సంవత్సరాలకు మించడం లేదు; పాలపుంత అడ్డుకొలత లక్ష కాంతి సంవత్సరాలు. వీటికి ఆ బృందంలోనే "విశ్వాన్ని విరగ్గొట్టేవి" అన్న ముద్దుపేరు పడింది, పత్రికలు దాన్నే పట్టుకున్నాయి. నిజానికి ఆ వ్యాసం శీర్షికలోనే ఇవి "అభ్యర్థులు" మాత్రమేనన్న జాగ్రత్త ఉంది. ఆ మాట మా మేనల్లుడి దాకా వచ్చేసరికి దారిలో ఎక్కడో జారిపోయింది.

అంత బరువు ఎందుకు ఇబ్బంది? గెలాక్సీలు కంటికి కనిపించని చీకటి పదార్థపు గుబ్బలలో పోగుపడిన వాయువు నుంచి పుడతాయి. ఏ కాలానికి ఎంత పెద్ద గుబ్బలు ఏర్పడగలవో మనకు బాగానే తెలుసు. ఆ తొలినాళ్ళలో అంత బరువైన గెలాక్సీలు ఉండాలంటే, గుబ్బలలో దొరికిన వాయువు దాదాపు మొత్తం నక్షత్రాలుగా మారిపోయి ఉండాలి. మామూలు గెలాక్సీలు తమ వాయువులో చిన్న భాగాన్నే అలా మార్చుకోగలవు, ఎందుకంటే పుట్టిన నక్షత్రాల వేడీ, పేలుళ్ళూ మిగిలిన వాయువును బయటికి నెట్టేస్తాయి. కాబట్టి లెక్క పూర్తిగా అసాధ్యమని కాదు గానీ, సాధ్యానికి అంచున వేలాడుతోంది.

ఇక్కడ "ఎరుపు" అన్న మాట గురించి ఒక స్పష్టత అవసరం. వెబ్ చూసేది మన కంటికి అందని పరారుణ కాంతిని. చిత్రంలోని ఎరుపు, పరారుణంలోనూ అతి పొడవైన తరంగాలకు శాస్త్రవేత్తలు కేటాయించిన రంగు. విశ్వం వ్యాపిస్తున్నకొద్దీ దానిలో ప్రయాణించే కాంతి తరంగాలు కూడా సాగుతాయి. ఎంత సాగాయో చెప్పే అంకెను రెడ్‌షిఫ్ట్ అంటారు. రెడ్‌షిఫ్ట్ 7 ఉన్న వస్తువు నుంచి బయలుదేరిన తరంగం మన దగ్గరికి చేరేసరికి ఎనిమిది రెట్లు పొడవవుతుంది. హైడ్రోజన్ విడుదల చేసే 656.3 నానోమీటర్ల ఎర్రటి కాంతి, రెడ్‌షిఫ్ట్ 5 దగ్గర బయలుదేరితే ఆరు రెట్లు సాగి దాదాపు 3.9 మైక్రాన్లుగా (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) వస్తుంది. హబుల్ చూపు 1.7 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. స్పిట్జర్ టెలిస్కోపు అంతకన్నా పొడవైన తరంగాలను చూడగలిగినా, దాని అద్దం 85 సెంటీమీటర్లే కావడంతో ఈ చుక్కలను పక్కవాటి నుంచి విడదీసి చూపలేకపోయింది. ఆరున్నర మీటర్ల అద్దంతో, 5 మైక్రాన్ల దాకా పదునుగా చూడగల కెమెరాతో వెబ్ పైకి వెళ్ళాకనే ఇవి బయటపడ్డాయి. ఈ చుక్కలు ఆకాశంలో అరుదైనవి కావు, వెబ్ తీసిన దాదాపు ప్రతి లోతైన చిత్రంలోనూ కొన్ని ఉన్నాయి. మన కళ్ళే అంతవరకు చాలలేదు.

ఇప్పుడు 364.6 దగ్గరికి వస్తాను. 1885లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో బాలికల పాఠశాలలో గణితం చెప్పే యోహాన్ బామర్ అనే ఉపాధ్యాయుడు, హైడ్రోజన్ కాంతిలోని నాలుగు రేఖల తరంగదైర్ఘ్యాలు 656, 486, 434, 410 నానోమీటర్లు కావడంలో ఏదో క్రమం ఉందని గ్రహించాడు. 364.56 అనే ఒక స్థిరసంఖ్యను తీసుకుని, 3, 4, 5, 6 అనే పూర్ణాంకాలలో ఒక్కొక్క దాని వర్గాన్ని అదే వర్గంలోంచి 4 తీసివేయగా మిగిలిన దానితో భాగించి, వచ్చిన భిన్నంతో ఆ స్థిరసంఖ్యను గుణిస్తే నాలుగు రేఖలూ వరుసగా వచ్చేస్తాయి. 3 వేసి చూడండి: 9ని 5తో భాగించి 364.56తో గుణిస్తే 656.2 వస్తుంది. అది ఎందుకు అలా వస్తుందో బామర్‌కు తెలియదు, తెలియడానికి ఇంకా 28 ఏళ్ళు పట్టింది. ఆయన సంఖ్యకు అసలు అర్థం, హైడ్రోజన్‌లో రెండవ శక్తి స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్‌ను పరమాణువు నుంచి పూర్తిగా ఊడబెరకడానికి సరిపోయే కాంతి తరంగదైర్ఘ్యం అన్నమాట. 364.6 నానోమీటర్లకన్నా పొట్టి తరంగం ఏదైనా ఆ ఎలక్ట్రాన్‌ను పీకెయ్యగలదు, పీకి తాను మాయమైపోతుంది. అందుచేత రెండవ స్థాయిలో ఎలక్ట్రాన్లున్న హైడ్రోజన్ గుండా వచ్చిన కాంతి వర్ణపటంలో, 364.6 దాటి నీలలోహితం వైపు వెళ్ళగానే వెలుగు ఒక్కసారిగా దిగువకు పడిపోతుంది. దీనిని ఖగోళ శాస్త్రవేత్తలు బామర్ బ్రేక్ అంటారు. నేను మెట్టు అనే అంటాను, ఎందుకంటే గ్రాఫులో చూస్తే అది అచ్చంగా మెట్టులాగానే ఉంటుంది.

అయితే రెండవ స్థాయిలో ఎలక్ట్రాన్లు ఊరికే ఉండవు. చల్లని హైడ్రోజన్‌లో అవన్నీ నేలమట్టానే ఉంటాయి. మరీ వేడిగా ఉంటే పరమాణువునే వదిలి పారిపోతాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయో లెక్కకట్టే సూత్రాన్ని 1920లో కలకత్తాలో ఉన్న మేఘనాద్ సాహా ఇచ్చారు. నక్షత్రాల వర్ణపటాలను ఉష్ణోగ్రతలుగా చదవడం మనకు చేతనైంది ఆ సూత్రం తరువాతే. దాని ప్రకారం రెండవ స్థాయిలో ఎలక్ట్రాన్లు అత్యధికంగా ఉండేది సుమారు పది వేల డిగ్రీల నక్షత్రాలలో. మన అభిజిత్ నక్షత్రం అలాంటిదే. ఇలాంటి నక్షత్రాల వర్ణపటాలలో బామర్ మెట్టు చాలా లోతుగా ఉంటుంది.

దీని నుంచి శాస్త్రవేత్తలకు ఒక గడియారం దొరికింది. ఒక గెలాక్సీలో కొత్తగా నక్షత్రాలు పుట్టినప్పుడు అన్నిటికన్నా వేడివి, నీలివి వెలుగునంతా ఆక్రమిస్తాయి. వాటిలో మెట్టు ఉండదు. అవి కొన్ని కోట్ల సంవత్సరాలలో చచ్చిపోయాక, అభిజిత్ వంటి నక్షత్రాలే గెలాక్సీ వెలుగును నడిపిస్తాయి, అప్పుడు మెట్టు బయటపడుతుంది. కాబట్టి దూరపు గెలాక్సీలో మెట్టు కనిపిస్తే, దానిలోని నక్షత్రాల వయసు పదుల కోట్ల సంవత్సరాలని అర్థం. పైగా పాత నక్షత్రాలు తమ బరువుకు తక్కువ వెలుగునిస్తాయి గనుక, చూసిన వెలుగును బట్టి లెక్కించిన బరువు పెరిగిపోతుంది. లబ్బే బృందం తన గెలాక్సీలను ఎంచుకున్నది సరిగ్గా ఈ గుర్తుతోనే: ఒకటి అతినీలలోహితంలో హైడ్రోజన్ వల్లే పడే లైమన్ మెట్టు, రెండవది ఈ బామర్ మెట్టు. రెండూ ఉన్న చుక్కలనే ఏరారు. మెట్టు లోతుగా ఉంది, కాబట్టి నక్షత్రాలు పాతవి; పాతవి కాబట్టి బరువు ఎక్కువ; బరువు ఎక్కువ కాబట్టి విశ్వం లెక్క తప్పుతోంది. ఒక్కొక్క అడుగూ న్యాయమైనదే. దశాబ్దాలుగా దగ్గరి గెలాక్సీలలో పరీక్షకు నిలిచిన తర్కం అది, ఆ స్థానంలో ఎవరున్నా అలాగే చదివేవారు.

ఫొటో ఒక చుక్క రంగును చెబుతుంది; దాని వెలుగును తరంగాలవారీగా విప్పి చూపేది వర్ణపటం. ఆ వర్ణపటాలు రావడంతో కథ మలుపు తిరిగింది. అమెరికాలోని కోల్బీ కళాశాలకు చెందిన డేల్ కోసెవ్‌స్కీ బృందం 2023లోనే ఆ మొదటి జాబితాలోని ఒక చుక్క వర్ణపటాన్ని పరిశీలించి, అది అనుకున్నంత దూరంలో లేదనీ, దాని రెడ్‌షిఫ్ట్ 5.6 మాత్రమేననీ, అందులో హైడ్రోజన్ రేఖ అసాధారణంగా వెడల్పుగా ఉందనీ చూపించింది. రేఖ వెడల్పు కావడానికి సాధారణ కారణం వేగం. వాయువులో కొంత మనవైపు, కొంత అటువైపు దూసుకుపోతుంటే డాప్లర్ ప్రభావం వల్ల రేఖ రెండు పక్కలకూ పరచుకుంటుంది. ఇక్కడి వేగాలు సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించినవి. అంత చిన్న చోట అంత వేగంగా వాయువును తిప్పగలిగేది భారీ కృష్ణబిలం ఒక్కటే. అటు యోరిట్ మాటే అనే శాస్త్రవేత్త నాయకత్వంలో మరొక బృందం, వేరే లక్ష్యంతో చేసిన సర్వేలలో ఇలాంటి వెడల్పాటి రేఖలున్న 20 వస్తువులను పట్టుకుంది. అవన్నీ చిత్రాలలో చిన్నగా, ఎర్రగా, చుక్కల్లా ఉన్నాయి గనుక వ్యాసం శీర్షికలోనే వాటిని "చిన్న ఎర్ర చుక్కలు" అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఏమిటో తెలియని వస్తువుకు, అది ఎలా కనిపిస్తుందో అంతవరకే చెప్పే పేరు పెట్టడం నాకు ఎంతో నిజాయితీగా తోస్తుంది.

ఇలాంటిది ఒకసారి జరిగే ఉంది. 1963లో మార్టెన్ స్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త 3సి 273 అనే నక్షత్రంలాంటి చుక్క వర్ణపటంలో అంతుపట్టని రేఖలను చూసి, అవి 16 శాతం సాగిన బామర్ రేఖలేనని గుర్తించాడు. మొట్టమొదటి క్వేసార్ (పదార్థాన్ని మింగే భారీ కృష్ణబిలం వల్ల దూరానికీ వెలిగే వస్తువు) దూరం అలా తేలింది. బాసెల్ ఉపాధ్యాయుడి రేఖలే అరవై ఏళ్ళ తరువాత మరొక చుక్క దగ్గర మళ్ళీ పనికొచ్చాయి.

అయితే కృష్ణబిలం అనగానే పని ముగియలేదు, చిక్కులు కొత్తగా మొదలయ్యాయి. పదార్థాన్ని మింగే కృష్ణబిలాలు మామూలుగా ఎక్స్-కిరణాలను విడుదల చేస్తాయి. చంద్ర ఎక్స్-రే టెలిస్కోపు వందల గంటలు చూసిన ఆకాశంలోనూ ఈ చుక్కలు దాదాపుగా నిశ్శబ్దంగా ఉన్నాయి. మింగే కృష్ణబిలాల వెలుగు నెలల్లో, ఏళ్ళలో హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వీటిలో చాలా వాటికి ఆ మినుకు లేదు. వాటి ఎరుపుకు ధూళి కారణమని మొదట అనుకున్నారు, మన ఊరి సంధ్యాకాశం ఎర్రబడేది కూడా దుమ్మూ గాలీ నీలాన్ని చెదరగొట్టడం వల్లనే కదా. కానీ ధూళి నీలికాంతిని మింగితే వేడెక్కి, ఆ వేడిని ఇంకా పొడవైన తరంగాలలో తిరిగి వెదజల్లాలి. వెబ్‌లోని మధ్య పరారుణ పరికరం వెతికింది, చిలీలోని ఆల్మా దూరదర్శినుల సముదాయం వెతికింది. ఆశించిన ధూళి వేడి దొరకలేదు. వర్ణపటం ఆకారం కూడా విచిత్రంగా ఉంది. ఎరుపు వైపు నుంచి దిగుతూ వచ్చిన వెలుగు ఒక చోట ఆగి, అతినీలలోహితం వైపు మళ్ళీ నీలిగా పరచుకుంటుంది. ఆ వంపు దాదాపు ప్రతి చుక్కలోనూ బామర్ సంఖ్య దగ్గరే పడుతోంది. ధూళే కారణమైతే వంపు ఒక్కొక్క చుక్కలో ఒక్కొక్క చోట పడాలి. హైడ్రోజన్‌కు మాత్రమే తెలిసిన చోట పడుతున్నదంటే, ఆ పని హైడ్రోజన్‌దే అయి ఉండాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం చాలా చిన్నది. కొన్ని చుక్కల వర్ణపటాలలో, గుట్టలా వెడల్పుగా లేచిన హైడ్రోజన్ రేఖ మధ్యలో ఒక సన్నని గాడి ఉంది. ఆ గాడి బామర్ శోషణ రేఖ, అంటే దారిలోని హైడ్రోజన్ కాంతిని మింగిన చోటు. కృష్ణబిలానికీ మనకూ మధ్యలో, రెండవ స్థాయిలో ఎలక్ట్రాన్లను నిలబెట్టుకున్న వాయువు తెరలా ఉందన్నమాట. మామూలు అంతరిక్ష వాయువుకు అది చేతకాదు. ఘన సెంటీమీటరుకు ఒకటి రెండు పరమాణువులుండే ఆ పలుచదనంలో పైకెక్కిన ఎలక్ట్రాన్ వెంటనే కిందికి దిగిపోతుంది. అక్కడ నిలవాలంటే వాయువు ఘన సెంటీమీటరుకు వంద కోట్ల పరమాణువులకు మించి చిక్కబడాలి, అప్పుడు పరమాణువుల ఢీకొట్టుకోవడాలూ, లోపల చిక్కుకున్న అతినీలలోహిత కాంతీ కలిసి ఎలక్ట్రాన్లను మళ్ళీ మళ్ళీ పైకి తోస్తూ ఉంటాయి. కోహెయ్ ఇనయోషి, రొబెర్తో మయొలీనో ఇద్దరూ 2025లో ప్రచురించిన లెక్కలో ఈ గాడినీ, బామర్ మెట్టునూ ఒకే తీగ మీద కట్టారు. కృష్ణబిలం చుట్టూ అంత చిక్కటి వాయువు కమ్ముకుని ఉంటే, ఒక్క పాత నక్షత్రం కూడా లేకుండానే బామర్ మెట్టు ఏర్పడుతుంది. చిక్కటి అంటున్నాను గానీ, మనం పీల్చే గాలితో పోలిస్తే ఆ వంద కోట్ల సాంద్రత రెండున్నర వేల కోట్ల రెట్లు పలుచన. అంతరిక్షం ఎంత ఖాళీయో దీనివల్ల తెలుస్తుంది.

అభిజిత్ నక్షత్రంలో మెట్టు కనిపించడానికి కారణం దాని ఉపరితలం మీద సరైన వేడిలో ఉన్న హైడ్రోజన్. ఎర్ర చుక్కలో మెట్టు కనిపించడానికి కారణం కూడా హైడ్రోజనే, అయితే ఆ హైడ్రోజన్ నక్షత్రాలలో లేదు. గడియారమని నమ్మినది అక్కడ గడియారం కానే కాదు. నక్షత్రాలకు వయసు లేదంటే బరువు కూడా లేదు, బరువు లేదంటే విశ్వం లెక్కకు వచ్చిన ఇబ్బందీ లేదు. 2023లో పేర్చిన అడుగులన్నీ ఒకే రాయి మీద నిలబడి ఉన్నందువల్ల, ఆ రాయి కదలగానే అన్నీ కలిసి కిందికి వచ్చాయి.

ఇది కేవలం ఊహ కాదని నాకు నమ్మకం కలిగించినది "కొండచరియ" అనే వస్తువు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ ఖగోళ శాస్త్ర సంస్థకు చెందిన అన్నా డి గ్రాఫ్ బృందం, వేలాది గెలాక్సీల వర్ణపటాలు తీసిన ఒక సర్వేలో, 2024లో దీన్ని కనుగొంది. దాని రెడ్‌షిఫ్ట్ 3.55, మహావిస్ఫోటం తరువాత 180 కోట్ల సంవత్సరాల నాటి కాంతి అది. దాని బామర్ మెట్టు, అంతవరకు దూరపు వస్తువులలో చూసిన ఏ మెట్టుకన్నా రెండింతలకు పైగా లోతు. మెట్టు అనడం చాలక చరియ అనాల్సి వచ్చింది. ఏ వయసు నక్షత్రాలను ఏ పాళ్ళలో కలిపినా అంత లోతు రాదు, ఎందుకంటే గెలాక్సీలో ఎప్పుడూ మెట్టు లేని నక్షత్రాలు కూడా కలిసి ఉండి దాన్ని పూడ్చేస్తాయి. అలాంటి లోతు ఒంటరి నక్షత్రం వర్ణపటంలో తప్ప చూడం. దాంతో ఆ బృందమూ, ఇంకా దూరంలో ఇలాంటిదే మరొక వస్తువును పరిశీలించిన రోహన్ నాయుడు బృందమూ, "కృష్ణబిల నక్షత్రం" అనే మాటను ముందుకు తెచ్చాయి. మధ్యలో పదార్థాన్ని మింగే కృష్ణబిలం, దాని చుట్టూ దట్టమైన హైడ్రోజన్ కోశం. లోపల పుట్టిన వెలుగంతా ఆ కోశంలో ఇంకి, దాని ఉపరితలం మీద నుంచి సుమారు ఐదు వేల డిగ్రీల మెత్తని ఎరుపుగా బయటికి వస్తుంది. నక్షత్రంలాగానే దీనికీ ఒక ఉపరితలం ఉంటుంది, లోపలి పొయ్యి మాత్రం అణు సంలీనం కాదు. ఎక్స్-కిరణాలు కోశం దాటి రాలేవు, మినుకు కోశంలోనే అణగిపోతుంది, ధూళి అవసరమే ఉండదు. విడివిడిగా ఇబ్బంది పెట్టిన మూడు ప్రశ్నలకు ఒకే జవాబు దొరకడం నాకు చాలా సంతృప్తినిచ్చింది.

అలాంటి కోశం ఎంత ఉంటుందో ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేసి చూశాను. దాని వెలుగు 2600 కోట్ల సూర్యులంత అనుకుని, ఉపరితలం ఐదు వేల డిగ్రీలు అనుకుంటే, వ్యాసార్ధం సూర్యుడికి రెండు లక్షల రెట్లు పైన వచ్చింది. అంటే భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి వెయ్యి రెట్లు. నెప్ట్యూన్ కక్ష్య ముప్ఫై రెట్ల దగ్గరే ఉంది. కేంద్రం నుంచి ఆ ఉపరితలానికి సూటిగా వెళ్ళే కాంతికి దాదాపు ఆరు రోజులు పడుతుంది. నక్షత్రం అనుకుంటే ఊహకు అందనంత పెద్దది, గెలాక్సీ అనుకుంటే కంటికి ఆననంత చిన్నది. చిత్రాలలో ఆ వస్తువు చుక్కగా తప్ప కనిపించకపోవడానికి కారణం నాకు అప్పుడు మనసుకు పట్టింది.

ఇక్కడ తేలని విషయం ఒకటుంది, దాని మీద నాకొక అభిప్రాయమూ ఉంది. రేఖ వెడల్పును వేగంగా చదివి కృష్ణబిలాల బరువులు కట్టారు. కానీ చుట్టూ అంత దట్టమైన కోశం ఉంటే, కాంతి అందులోని విడి ఎలక్ట్రాన్లకు తగిలి తగిలి బయటికి వస్తుంది, ఆ తాకిళ్ళే రేఖను వెడల్పు చేస్తాయి. కోపెన్‌హాగన్‌లోని పరిశోధకులు ఈ దారిలో లెక్కకట్టి, కృష్ణబిలాల బరువు ముందు చెప్పినదానిలో వందో వంతు మాత్రమే ఉండవచ్చన్నారు. మరోవైపు, అబెల్ 2744 అనే గెలాక్సీల సమూహం వెనుక ఒక ఎర్ర చుక్క ఉంది. ముందున్న సమూహపు గురుత్వాకర్షణ దాని కాంతిని వంచి, ఒకే చుక్కను మూడుగా చూపుతోంది. మహావిస్ఫోటం తరువాత సుమారు 70 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ సహజ భూతద్దం సాయంతో కేంబ్రిడ్జి బృందం 2025లో, కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు వేగం దూరంతో పాటు ఎలా తగ్గుతున్నదో నేరుగా కొలిచింది. సూర్యుడి చుట్టూ గ్రహాల వేగాలు తగ్గే తీరులోనే అదీ తగ్గుతోంది, ఆ లెక్కన కృష్ణబిలం బరువు ఐదు కోట్ల సూర్యులు. ఇది రేఖ వెడల్పుతో కట్టిన పాత బరువుకు దగ్గరగానే ఉంది. ఒకే ఒక చుక్కతో అన్నిటినీ తూచలేం గానీ, ఈ రెండింటిలో నేను నేరుగా కొలిచినదానికే ఎక్కువ విలువ ఇస్తాను. రేఖ ఆకారం నుంచి బరువుకు వెళ్ళే దారిలో మళ్ళీ ఒక గుర్తుకు అర్థం చెప్పాల్సి వస్తుంది. గుర్తుకు అర్థం చెప్పడంలో ఈ చుక్కలు మనల్ని అప్పటికే ఒకసారి దారి తప్పించాయి.

ఆ చుక్కలో మరొక ఆశ్చర్యం ఉంది. మన చుట్టుపక్కల గెలాక్సీలలో మధ్యనున్న కృష్ణబిలం బరువు నక్షత్రాల బరువులో వెయ్యో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడ కృష్ణబిలమే చుట్టూ ఉన్న నక్షత్రాలన్నింటికన్నా బరువైనదని ఆ బృందం తేల్చింది. ఇల్లు కట్టకముందే గృహస్థు వచ్చి కూర్చున్నట్టుంది. అంత కృష్ణబిలం ఎక్కడి నుంచి వచ్చింది? తొలితరం నక్షత్రం చచ్చి వంద సూర్యుల కృష్ణబిలంగా మారిందనుకుందాం. తనలోకి పడే పదార్థం వెలువరించే వెలుగే ఇంకా పడబోయే పదార్థాన్ని వెనక్కి నెడుతుంది కాబట్టి దాని తిండికి ఒక హద్దు ఉంది. ఆ హద్దులో నిరంతరాయంగా తింటే సుమారు మూడున్నర కోట్ల సంవత్సరాలకు ఒకసారి బరువు రెట్టింపవుతుంది. వందను పందొమ్మిది సార్లు రెట్టించండి, ఐదు కోట్ల ఇరవై నాలుగు లక్షలు వస్తుంది. పందొమ్మిది రెట్టింపులకు 66 కోట్ల సంవత్సరాలు కావాలి. విశ్వం వయసే అప్పటికి సుమారు 70 కోట్లు, మొదటి నక్షత్రాలు పుట్టడానికే పది కోట్లకు పైగా పట్టింది. అంటే ఒక్క పూట కూడా పస్తులుండకుండా తిన్నా సమయం చాలదు. హద్దును మించి తినే దశ ఒకటైనా ఉండాలి, లేదా మొదలే పెద్దగా ఉండాలి. ఒక వాయు మేఘం నక్షత్రాలుగా విడిపోకుండా మొత్తంగా కూలి, పది వేలో లక్షో సూర్యుల కృష్ణబిలమై ఉండాలి. దట్టమైన కోశంలో మునిగి ఉన్న కృష్ణబిలం మొదటి దారికి సరిగ్గా సరిపోతుంది. అందుకే ఎర్ర చుక్కలు కృష్ణబిలాల బాల్యమేమోనన్న ఆలోచనకు నేను మొగ్గుతున్నాను.

వాటి బాల్యం ఎక్కువ కాలం సాగినట్టు లేదు. కోసెవ్‌స్కీ బృందం వేర్వేరు సర్వేల నుంచి 341 చుక్కలను పోగుచేసి, కాలం వెంట వాటి సంఖ్య ఎలా మారిందో లెక్కించింది. మహావిస్ఫోటం తరువాత 60 కోట్ల సంవత్సరాల నాటికి అవి విరివిగా కనిపిస్తాయి, 150 కోట్ల సంవత్సరాల తరువాత వేగంగా తగ్గిపోతాయి. కోశంలోని వాయువు అయిపోయి, చుట్టూ మామూలు గెలాక్సీ పెరిగి, చుక్క అందులో కలిసిపోతుందన్న వివరణ నాకు సహజంగా కనిపిస్తుంది. అయితే పూర్తిగా మాయం కాలేదు. 2025లో షియాజింగ్ లిన్ బృందం మన దగ్గరి విశ్వంలోనే మూడింటిని గుర్తించింది. వాటిలో "గుడ్డు" అని పిలిచేది 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. అది ఎన్నో ఏళ్ళుగా ఆకాశాన్ని జల్లెడ పట్టే స్లోన్ సర్వే జాబితాలలో నమోదై ఉన్నదే, దాని వర్ణపటాన్ని లోగడ పరిశీలించినవారూ ఉన్నారు. తొలి విశ్వపు చుక్కలతో పోల్చి చూడాలన్న ఆలోచన మాత్రం వెబ్ వచ్చాకనే వచ్చింది.

ఆ గుడ్డు సింహరాశిలో ఉంది. మా మేనల్లుడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు వాణ్ణి మేడ మీదకు తీసుకెళ్ళి మఖ నక్షత్రాన్ని చూపించాను. మాఘ పౌర్ణమి నాడు చంద్రుడు ఆ పక్కనే ఉంటాడు గనుక, వెన్నెల తగ్గిన రాత్రి కోసం రెండు వారాలు ఆగాము. చేయి చాచి మూడు వేళ్ళు దగ్గరగా పెడితే ఎంత వెడల్పో, మఖ నుంచి ఈశాన్యంగా దాదాపు అంత దూరంలో అది ఉంటుంది. కంటికి అక్కడ ఏమీ కనిపించదు. వాడు చాలాసేపు అటే చూసి, "దాని కాంతిలో కూడా 364 దగ్గర మెట్టు ఉంటుందా మామయ్యా?" అని అడిగాడు. ఉండాలనీ, అంత దగ్గరిది కాబట్టి దాని తరంగాలు పదో వంతు మాత్రమే సాగి, 401 దగ్గర కనిపించాలనీ చెప్పాను.